రెండు చుట్ల మధ్య దారం

షౌకీని పెళ్లి చేసుకుని కైరో వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఒక నూలు ఉండ, దాన్ని వాడే తీరు. రెండూ అలెగ్జాండ్రియాలో ఓడల రేడియోలు బాగుచేసే మా నాన్న ఇచ్చినవే. రేడియో కాయిల్ చెయ్యాలంటే రాగితీగనూ దారాన్నీ జంటగా గొట్టానికి చుట్టాలి. కొసలు లక్కతో అంటించి దారం లాగేస్తే, చుట్టుకీ చుట్టుకీ మధ్య దారమంత ఎడం మిగులుతుంది. ఎడం తగ్గితే చుట్లు ఒకదాని బలాన్ని ఒకటి పెంచుతాయి. కాయిల్ బలం పెరిగితే స్టేషను తన చోటు తప్పుతుంది.

పదకొండేళ్లు వంటింటి బల్ల మీద, పక్కన ఫూల్ చిక్కుడు గింజలు ఉడుకుతుంటే చుట్టాను. కింద మా రేడియో సామాన్ల కొట్టు బోర్డు మీద షౌకీ పేరు. ఎవరైనా నా గురించి అడిగితే మా అత్త తఫీదా, "దానికేం పని, దారాలతో ఆడుకుంటుంది" అనేది.

రమదాను ముందు టాంటా ఊళ్లో రేడియోలు తయారుచేసే మేస్త్రీ, ఉస్తా లబీబ్, రెండు వందల షార్ట్‌వేవ్ కాయిల్స్ అడిగాడు. షౌకీ తొందరపడ్డాడు.

"దారం మానెయ్ బహీగా. సగం పొద్దు దానికే పోతోంది. పన్నెండు చుట్లంటే పన్నెండే కదా. ఆనించి చుడితే చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది."

"స్టేషన్లు జరుగుతాయి."

"మీ నాన్న దగ్గర నేర్చిన చదువు నా దగ్గర చూపించకు. చెప్పింది చెయ్."

చేశాను. ఆ తప్పు నాదే.

సరుకు పంపిన వారానికల్లా లబీబ్ కాయిల్స్ పెట్టెతో సహా కొట్లో దిగాడు. "ముల్లు ఒకచోట, పాట ఇంకోచోట! కొన్నవాళ్లు నన్ను తిడుతున్నారయ్యా."

"ఆడదాని లెక్క ఉస్తా, చుట్లు తప్పేసి ఉంటుంది" అన్నాడు షౌకీ, నేను కాఫీ పళ్లెంతో ఎదురుగా నిలబడి ఉండగానే.

పళ్లెం దించాను. ఒక కాయిల్ తీసి గోటితో చుట్లు లెక్కపెట్టాను. పన్నెండు. లక్క గీకి, ఒక కొస వదిలించి, అదే గోటితో చుట్లను ఎడం చేశాను. లబీబ్ దాన్ని కొట్లో ఉన్న రేడియోకి అతికించి ముల్లు తిప్పాడు. వార్తలు సరిగ్గా గీత మీదే పలికాయి.

"ఇన్నాళ్లూ ఇవి చుట్టిందెవరు?" అన్నాడతను, నావైపు చూస్తూ.

"నేనే" అన్నాడు షౌకీ. "ఈవిడ దారం పట్టుకుంటుంది."

లబీబ్ కాఫీ ముట్టలేదు. వెళ్తూ మెట్ల దగ్గర ఆగాడు. "అమ్మా, నా కార్ఖానాలో ఒక బల్ల ఖాళీగా ఉంది. నువ్వు చుట్టిన పెట్టె మీద నీ పేరే ఉంటుంది."

షౌకీ పెట్టె పైకి మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు. "అన్నీ మళ్లీ చుట్టు. దారంతోనే."

"నువ్వు చుట్టు. నేను పట్టుకుంటాను."

పంతానికి కూర్చున్నాడు. మూడు కాయిల్స్ చెడాయి. తీగ దారం మీదికెక్కింది, దారం తెగింది.

"అదేంట్రా, నీకు రాదా?" అంది అత్త.

మర్నాడు టాంటా బండి ఎక్కాను. నా చేతిలో ఉన్నవి ఒక నూలు ఉండ, దాన్ని వాడే తీరు. పదకొండేళ్ల కాపురంలో నేను సంపాదించుకున్నదల్లా, తెచ్చుకున్నవి పోగొట్టుకోకపోవడం.