ఆరు గిన్నెల చారు, మూడు పొట్లాల మందు

కడుపు కోసి బిడ్డను తీసిన ఆసుపత్రి నుంచి బొరామ్ ఇల్లు చేరింది మొదలు, అత్తగారు ఓక్‌బున్ వంటింటి గడప దాటితే ఒట్టు. కొరియాలోని తోంగ్యోంగ్ రేవులో పుట్టి పెరిగిన మనిషి, బాలింతకు సముద్రపు నాచు చారు పెట్టకుండా ఉంటుందా? ఆవిడ లెక్కలో బాలింత రోజుకు ఆరుసార్లు తినాలి. బిడ్డ ఏడ్చినా చారే, తల్లి ఏడ్చినా చారే.

మందుల షాపువాళ్లు నొప్పి మాత్రలను పూటకొక పొట్లంగా కట్టి, ఒకదానికొకటి అతికిన కాగితపు దండలా ఇచ్చారు. పొట్లాల మీద 'భోజనం తర్వాత' అని ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కోడలు నాలుగో గిన్నె ఖాళీ చేయగానే ఓక్‌బున్ నాలుగో పొట్లం చింపింది.

మూడు పొట్లాలకే బొరామ్ కళ్లు మూతలు పడుతున్నాయి. ఇంకొకటి మింగి, ఒళ్లో బిడ్డ ఉండగా కునుకు తీస్తేనో? వద్దంటే అత్తగారు ముఖం మాడ్చుకుంటుంది. కాసేపు పొట్లాన్నీ కాసేపు బిడ్డనూ చూసి, బిడ్డ పక్షం చేరింది.

"అత్తయ్యా, రోజుకు మూడే వేసుకోమన్నారు."

"భోజనం తర్వాత అని రాసి ఉంది కదే. మరి నువ్వు తిన్నదేమిటి, గడ్డా?"

"గడ్డి కాదమ్మా, నాచు," అని పక్కనే గుడ్డలు మడతపెడుతున్న మొగుడు గ్యూతే అందించి, ఇద్దరి చేతా చూపుల దెబ్బలు తిన్నాడు.

బొరామ్ మందుల షాపుకు ఫోన్ చేసి అందరికీ వినిపించేలా పెట్టింది. ఎన్నిసార్లు తిన్నా మందు మూడుసార్లేనని, ఎడం పాటించాలని అక్కడి ఆవిడ చెప్పింది. మత్తుగా ఉన్నప్పుడు బిడ్డను వేరేవాళ్ల చేతికివ్వాలి. తల్లి మరీ మగతగా ఉన్నా, బిడ్డ పాలు తాగకుండా తూగుతున్నా వెంటనే ఆసుపత్రికి రావాలి. అలాగని నొప్పిని ఓర్చుకోనక్కర్లేదు; తగ్గాక మానేసి, మిగిలినవి షాపులో ఇచ్చేయాలి. ఇంతకీ రోజుకు ఎన్నిసార్లు తింటున్నారని ఆవిడ అడిగింది. జవాబు విన్నాక, నవ్వు మింగుతున్న చప్పుడు వినబడింది.

ఓక్‌బున్ చింపిన పొట్లాన్ని మడిచి పక్కన పెట్టి, విసవిసా వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఐదో గిన్నె.

"ఇది భోజనం కాదు. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు, అంతే."

బిడ్డ ఒళ్లో పాలు తాగుతోంది. ఆసరికి బొరామ్‌కు మత్తు వదిలింది, మనసు తేలికైంది. ఆ తేలికలో నోరు జారింది.

"కొంచెం తక్కువైంది అత్తయ్యా."

ఓక్‌బున్ ఉప్పు సరిచేసి ఆరో గిన్నె తెచ్చింది.