గుండ్రంగా వేసిన కుర్చీలు

రెమ్కో వాళ్ళమ్మ టినెకే గారి అరవయ్యో పుట్టినరోజుకి సైకిళ్ళ మీద బయలుదేరినప్పుడు హిల్కే మనసులో ఒకటే మాట ఉంది. ఆ ఇల్లు చేరేలోగా రెమ్కోకి చెప్పేయాలి. డెవెంటర్ పట్టణంలో తనకొక గది దొరికిందని, అందులో తానొక్కతే ఉండబోతోందని. ఆ గది అద్దెకిచ్చే ఇంటావిడ అవునో కాదో సాయంత్రంలోగా చెప్పమంది. ఆ గది కోసం ఇంకా చాలామంది కాచుకుని కూర్చున్నారు, ఈ పిల్ల తీరిక కోసం ఆవిడ ఆగదు.

చెప్పాల్సింది రెండు ముక్కలు. ఎదురుగాలి ఆ రెండు ముక్కల్నీ నోట్లోంచి బయటికి రానివ్వలేదు.

"రెమ్కో, నీతో ఒక మాట."

"ఏంటీ?"

"ఒక మాట చెప్పాలంటున్నా."

"గాలి ఎక్కువగా ఉందా? ఉండు, వస్తున్నా."

అతను పక్కకి వచ్చి, ఒక చేత్తో తన హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి ఆమె వీపుకి ఆనించి తోయడం మొదలుపెట్టాడు. పెళ్ళాం మీదో ప్రియురాలి మీదో ప్రేమ ఉన్న మగవాడు ఎదురుగాలిలో చేసే పని అదే. దారిన పోయే ముసలమ్మలు చూసి ముచ్చటపడతారు. హిల్కే కాళ్ళు కదపకపోయినా సైకిల్ ముందుకు పోతూనే ఉంది. ఎటు తిరగాలో, ఎంత వేగంగా వెళ్ళాలో ఆ చెయ్యే చూసుకుంటోంది. వీపు మీద అంత వెచ్చటి చెయ్యి ఉండగా నీతో ఉండలేనని ఎవరైనా ఎలా అంటారు?

"అక్కడికెళ్ళాక చెబుతాలే," అంది.

రెమ్కో చెడ్డవాడైతే ఈ బాధే ఉండేది కాదు. ఇద్దరూ పెళ్ళి కాకుండానే ఒక ఇంట్లో ఉంటున్నారు. స్నానాల గదుల్లో నేలకీ గోడలకీ పలకలు అతికించే పని అతనిది. ఒళ్ళు అలిసి వచ్చినా అడక్కుండానే గిన్నెలు కడుగుతాడు. గొంతు పెంచడు. తాగితే నవ్వుతాడు, అంతే. హిల్కే స్నేహితురాళ్ళు అతన్ని చూసి పైకి మెచ్చుకుని లోపల కుళ్ళుకుంటారు. ఇరవై ఆరేళ్ళ పిల్లకి ఇంతకంటే ఏం కావాలని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నకి హిల్కే దగ్గర మర్యాదగా చెప్పుకోదగ్గ జవాబు లేదు. ఉన్నదల్లా బుధవారం.

ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో బుధవారం ఆమెకు సెలవు. ఆ రోజు రైలెక్కి డెవెంటర్ వెళ్ళేది. నది ఒడ్డున బల్ల మీద కూర్చుని, వేయించిన బంగాళాదుంప ముక్కలు పొట్లంలోంచి ఒక్కొక్కటే తినేది. పుస్తకం పట్టుకెళ్ళేది గానీ చదివేది కాదు. సరుకు పడవలు పోతుంటే చూసేది, అదీ శ్రద్ధగా కాదు. అలా కూర్చున్నప్పుడు బుర్రలో ఎవరూ అడగని ప్రశ్నలు లేచేవి. నాకు కాఫీ నిజంగా ఇష్టమా, అందరూ తాగుతున్నారని తాగుతున్నానా? నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎప్పటి నుంచి మొదలైంది? అన్నీ ఇలాంటి పనికిమాలినవే. పనికిమాలినవైతేనేం, ఆమెవి. సాయంత్రం రెమ్కో "ఇవాళ ఏం చేశావ్?" అంటే "ఏం లేదు" అనేది. ఆ ఏమీ లేనిదాని కోసమే మిగతా వారమంతా ఈడ్చుకొస్తున్నానని మాత్రం చెప్పలేదు.

చెప్పకపోవడం వల్ల వచ్చిందే ఈ ముప్పు. పోయిన చలికాలంలో ఒకరోజు అతను ఇంటికొస్తూనే వెలిగిపోతున్న మొహంతో అన్నాడు: "బుధవారాలు నువ్వొక్కదానివే బిక్కుబిక్కుమంటూ ఉంటున్నావు కదా. మా యజమానితో మాట్లాడి వారం మధ్యలో వచ్చే నా సెలవు కూడా బుధవారానికి మార్పించుకున్నా. ఇక నుంచి ఆ నది ఒడ్డుకి ఇద్దరం కలిసే వెళ్దాం."

హిల్కే అతన్ని కౌగలించుకుంది. ఏం చేస్తుంది మరి? మర్నాటి నుంచి గది వెతకడం మొదలుపెట్టింది.

టినెకే గారి ముందుగదిలో కుర్చీలు అప్పటికే గుండ్రంగా వేసి ఉన్నాయి. సోఫా, భోజనాల కుర్చీలు, తోటలోని మడత కుర్చీలు, పక్కింటి బెర్టుస్ దగ్గర అరువు తెచ్చినవి, అన్నీ కలిపి. మధ్యలో కాఫీ బల్ల. బల్లకీ మోకాళ్ళకీ మధ్య పిల్లి దూరే సందు కూడా లేదు. అక్కడి ఆనవాయితీ ప్రకారం, పుట్టినరోజు ఒకరిదైనా శుభాకాంక్షలు గదిలో ఉన్న ప్రతి మనిషికీ చెప్పాలి. మీ అమ్మకి, మీ వదినకి, మీ అత్తకి అంటూ వరసలు కలుపుతూ, చెయ్యి కలుపుతూ, చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తే తప్ప కూర్చోవడానికి లేదు. ఒక్కరిని దాటేసినా ఆ సంగతి ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

"అమ్మాయ్, నువ్వు కిటికీ దగ్గర కూర్చో. తలుపు పక్కన చలిగాలి కొడుతుంది," అంది టినెకే గారు. ఆవిడ మాటలో ప్రేమ తప్ప మరేం లేదు. తలుపు పక్కన రెమ్కో కూర్చున్నాడు. హిల్కే అందరి మోకాళ్ళూ దాటుకుంటూ కిటికీ దగ్గరికి చేరింది. ఒకసారి అక్కడ కూలబడితే ఇక లేవాలన్నా అందరూ కాళ్ళు ముడవాల్సిందే.

తలా ఒక కేకు ముక్క వచ్చింది. రెండో ముక్క ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. ఊరి బయట కొత్తగా వేసిన రోడ్డు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. రెమ్కో బాబాయి హార్మ్ తన మోకాలి ఆపరేషన్ ముచ్చట మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. మధ్యలో టినెకే గారు హిల్కే వైపు తిరిగింది.

"ఇదివరకు మావాడు తీసుకొచ్చిన అమ్మాయిల పుట్టినరోజులు, మా అందరివీ రాసుకునే ఆ టాయిలెట్ గోడ క్యాలెండర్లో, పెన్సిల్‌తో రాసేదాన్ని. మళ్ళీ చెరపాలి కదా అని. నీది పెన్నుతో రాశానే."

అందరూ నవ్వారు. హిల్కే కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అప్పుడు హార్మ్ బాబాయి భార్య రూలీ వచ్చింది, ఆలస్యంగా, చేతిలో పూలకుండీతో. వదినగారికి మూడు ముద్దులు పెట్టి, వరసగా చేతులు కలుపుతూ బయలుదేరింది. హిల్కే దగ్గరికి వచ్చేసరికి మంచి ఊపు మీద ఉంది.

"ఏమే పిల్లా, మీ అత్తకి అరవై వచ్చాయి, శుభాకాంక్షలు. కొత్త ఇంట్లోకి కూడా వెళ్తున్నారు, దానికీ శుభాకాంక్షలు."

రెమ్కో చెవులు ఎర్రబడ్డాయి.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే," అన్నాడు హార్మ్.

"ఇంకా చెప్పలేదా ఈ పిల్లకి? నాకేం తెలుసు? చెప్పకుండా దాటిపోతే, రేపు తెలిశాక రూలీ పిన్ని మమ్మల్ని పలకరించను కూడా లేదని అనుకోదూ?"

ఇక దాచడానికేం లేదు. అందరూ లేచి, కోట్లు వేసుకుని, హిల్కేని ముందు నడిపించుకుంటూ పెరట్లోకి బయలుదేరారు. అక్కడ ఒకప్పుడు ఆవులుండే పాత కొట్టాన్ని ఇల్లుగా మార్చేశారు. శనివారాలు హార్మ్ బాబాయి ఇంటికప్పు బాగుచేయడానికి వెళ్తున్నానని రెమ్కో చెప్పేవాడు. ఆ కప్పుకేం జబ్బు లేదని ఇప్పుడు తెలిసింది. లోపల తెల్లటి గోడలు, కొత్త కిటికీలు, అతను స్వయంగా పరిచిన నీలం పలకలు. పని ఇంకా కొంచెం మిగిలి ఉంది గానీ ఇల్లు ఇల్లే.

"వంటగట్టు నీ ఎత్తుకి సరిపోయేలా వేశా. నడుం వంచక్కర్లేదు," అన్నాడు రెమ్కో.

"ఈ కిటికీలోంచి చూస్తే మా వంటిల్లు కనబడుతుంది చూడు. పొద్దున్నే నువ్వక్కడ, నేనిక్కడ, చెయ్యి ఊపుకోవచ్చు," అంది టినెకే గారు.

రెమ్కో వెనక తలుపు తీశాడు. పెరటి చివర సన్నటి నీటి కాలువ, దాని ఒడ్డున కొత్త చెక్క బల్ల.

"నీకు నీళ్ళ పక్కన కూర్చోవడం ఇష్టం కదా. ఇద్దరికీ సరిపోయేలా చేయించా."

హిల్కే ఆ బల్లని చూసింది. కళ్ళు నిండాయి. ఆ కన్నీళ్ళు చూసి అందరూ సంతోషమనుకున్నారు. అక్కడే, ఆ పచ్చి సిమెంటు వాసనలోనే, ఒక్కొక్కరూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి ఇంటికి శుభాకాంక్షలు చెప్పారు. ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పింది. చెప్పిన ప్రతి థాంక్స్‌తోనూ ఒక మేకు దిగినట్టుంది. అయినా అంతమంది చలిలో చేతులు పగిలేలా కట్టిన ఇంటిని చూసి ఇంకేం అంటారు?

తిరిగి వెళ్ళేటప్పుడు హిల్కే రెమ్కో కోటు పట్టుకుని ఆపింది. మిగతావాళ్ళు లోపలికి పోయారు.

"రెమ్కో, నేను ఇక్కడ ఉండలేను. డెవెంటర్‌లో గది చూసుకున్నా. ఇవాళే మాట ఇవ్వాలి."

అతను గోడ మీద ఒక పలక అంచుని బొటనవేలితో రుద్దాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. నాకు కావాల్సిందే అది, ఎవరూ లేకపోవడం."

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నువ్వు మంచివాడివి రెమ్కో. నీ పక్కనుంటే నాకు నేను వినబడటం లేదు."

అది అతనికి అర్థం కాలేదని మొహం చూస్తేనే తెలిసింది. అర్థం కాకపోయినా కోపం రాలేదు, అదే ఖర్మ.

"సరే. ముందు అమ్మ పుట్టినరోజు అయిపోనీ. తర్వాత మాట్లాడుకుందాం."

"ఎప్పుడు?"

"తర్వాత. పద, చీజ్ ముక్కలు కోస్తున్నారు, మన కోసం చూస్తుంటారు."

మళ్ళీ అదే గది, అదే కిటికీ పక్క కుర్చీ. కాఫీ కప్పులు పోయి వైన్ గ్లాసులు వచ్చాయి. చీజ్, సాసేజ్ ముక్కలు పెట్టిన పళ్ళెం ఒక చేతి నుంచి మరో చేతికి తిరుగుతోంది. టినెకే గారు రాబోయే రోజులకి లెక్క వేసుకుంటోంది.

"వచ్చే ఆదివారం హార్మ్ పుట్టినరోజు. ఆ పై ఆదివారం మీ ఇంటికి రంగులేద్దాం, అందరం ఓ చెయ్యి వేస్తే ఒక్కరోజులో అయిపోతుంది. ఆ తర్వాత ఈస్టర్. ఏరా రెమ్కో?"

"అలాగే అమ్మా," అన్నాడు రెమ్కో.

హిల్కే అతని వైపు చూసింది. 'తర్వాత' అన్నప్పుడు అతను అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. తొందరపడకుండా ఉంటే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని అతని నమ్మకం. ఇన్నాళ్ళూ అన్నీ సర్దుకుంటూనే వచ్చాయి కూడా. సర్దుకున్నది ప్రతిసారీ హిల్కే కాబట్టి అతనికి తెలియలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈస్టర్ వస్తుంది, వేసవి వస్తుంది, ఈ కుర్చీలే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతుంటాయి. కిటికీ పక్క కుర్చీలో తనుంటుంది. అరవయ్యేళ్ళు వచ్చిన రోజున కూడా ఇలాగే ఉంటుంది. కాకపోతే అప్పుడు కేకు తను కోస్తుంది. అది తలచుకునేసరికి ఆమెకు నిజంగా భయం వేసింది.

కిటికీ బయట వెలుగు తగ్గుతుండగా పక్కింటి బెర్టుస్ వచ్చాడు. పెద్దాయన, చేతిలో వైన్ సీసా. పెరట్లోని ఇంటికి కరెంటు తీగలు లాగింది ఆయనేనట. అందరి చేతులూ కలుపుతూ వచ్చాడు. "మీ అమ్మకి, కొత్త ఇంటికి, రెంటికీ కలిపి," అన్నాడు రెమ్కోతో.

"థాంక్స్ బెర్టుస్," అన్నాడు రెమ్కో, మామూలుగానే.

ఆ మామూలుతనమే హిల్కేని లేపి నిలబెట్టింది. బెర్టుస్ ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"శుభాకాంక్షలమ్మా. మంచి ఇల్లు."

"ఇల్లు చాలా బాగుందండీ. నేను అందులో ఉండటం లేదు."

బెర్టుస్ చెయ్యి ఆమె చేతిలోనే ఉండిపోయింది. టినెకే గారి వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక పాపం పెద్దాయన చెయ్యి మెల్లగా విడిపించుకుని పక్క కుర్చీకి జరిగాడు. "రూలీ, మీ వదినకి అరవై వచ్చాయట, శుభాకాంక్షలు," అన్నాడు. రూలీ కూడా థాంక్స్ చెప్పింది. అలవాటు అలాంటిది.

"ఏమంటోందిరా ఈ పిల్ల?" టినెకే గారు కొడుకుని అడిగింది.

జవాబు హిల్కేయే చెప్పింది.

"డెవెంటర్‌లో గది తీసుకుంటున్నానత్తయ్యా, నా ఒక్కదానికి. ఆ ఇంటావిడకి ఇవాళే చెప్పాలి, బయటికెళ్ళి ఫోన్ చేస్తాను."

"ఒక్కదానివే ఏం చేస్తావే అక్కడ?"

"ఇంకా తెలీదు."

"మేమేం తక్కువ చేశాం నీకు?"

"ఏమీ తక్కువ చెయ్యలేదత్తయ్యా."

అది నిజమని ఆవిడకీ తెలుసు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. హిల్కే బ్యాగు తీసుకుని, కాస్త దారి ఇమ్మంది. ఎవరూ కదల్లేదు. కావాలని కాదు, కాళ్ళు ముడవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. హార్మ్ బాబాయి చేతిలోని చీజ్ ముక్కని చూస్తూ ఉండిపోయాడు. బల్లకీ మోకాళ్ళకీ మధ్య ఆమె అలాగే ఇరుక్కుని నిలబడింది. కాసేపు అసలు బయటపడలేనేమో అనిపించింది.

అప్పుడు రెమ్కో లేచాడు. తన కుర్చీ వెనక్కి లాగి గోడకి ఆనించాడు. రెండు చేతులతో బల్లని తనవైపు జరుపుకున్నాడు.

"పిన్నీ, కాళ్ళు కాస్త ముడుచుకో. బాబాయ్, నువ్వు కూడా," అన్నాడు.

దారి తెరుచుకుంది. ఆమె తలుపు దగ్గరికి వచ్చేసరికి కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వేసుకో, బయట చలిగా ఉంది."

అతను ఒక్క మాట తిట్టి ఉంటే హిల్కే ఏడవకుండా ఆ గది దాటేది.