అవ్వల దిగులు లెక్క

పాటలు నేర్పితే ముసలివాళ్ల దిగులు తగ్గుతుందా అన్నది సవిత పరిశోధన. పాటలు నేర్పుతూనే, ఒకే ఇరవై ప్రశ్నల కాగితాన్ని నాలుగు విడతలుగా ధార్వాడ్‌లో ఇంటింటికీ తిప్పి, అవ్వలచేత నింపించుకొచ్చింది ఆమెకు సాయంగా ఉన్న ముసలి గిరిజక్క. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ దిగులున్నట్టు. మొదటి విడత చేత్తో కూడేసరికే సవితకు నెల పట్టింది. విసుగెత్తి, నాలుగు విడతలూ కంప్యూటరే కూడుకునేలా ప్రోగ్రాం రాసింది.

మీట నొక్కి గిర్మిట్ మరమరాల పొట్లం విప్పేలోగా ఫలితం వచ్చేసింది. విడత విడతకూ అవ్వల దిగులు పెరుగుతూనే ఉంది.

సవిత మొహం మాడిపోయింది. "మన పాటలు వాళ్ల ప్రాణం తీశాయక్కా."

"నోరు ముయ్యి. మొన్న శాంతవ్వ నాచేత గెంతులేయించాకే కాగితం ముట్టుకుంది. ఆమెకు దిగులా? నీ పెట్టెకే బుద్ధి లేదు. ఏదీ, ఏడో ప్రశ్న చదువు."

"ఈ వారం మనసారా నవ్వాను. చాలాసార్లు అంటే మూడు మార్కులు..."

సవిత నాలుక కరుచుకుంది. సగానికి పైగా ఉన్న సంతోషం ప్రశ్నలకు మార్కులు తిరగేసి, మూడుకు సున్నా అని వెయ్యాలి. చేత్తో కూడినప్పుడు ఎర్రపెన్నుతో అలాగే వేసింది. ప్రోగ్రాంకు మాత్రం ఆ మాట చెప్పనేలేదు.

ప్రోగ్రాంలో ఒక్క వరస చేర్చి మళ్లీ మీట నొక్కింది. దిగులు మెట్లు దిగినట్టు విడత విడతకూ దిగిపోయింది. సవిత గిరిజక్కను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

గిరిజక్క ఆయాసపడుతూనే ఒక ఖాళీ కాగితం ఆమె ముందు పెట్టింది. "నువ్వూ నింపు. ఏడోదానికి ఎంత?"

"మూడు."

"తిరగెయ్యడం మరిచిపోకు."