సరిగ్గా వాయించాల్సిన తప్పు

జాతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ సంగీతం అవార్డు మా బావమరిదికే అని ఫోన్ రాగానే ఎగిరి గంతేశాను. "మనవాడికేనే! మనవాడికే!" అని అరుస్తూ ఇల్లంతా తిరిగాను. మా ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఏం నచ్చిందట వాళ్ళకి?" అని అడిగింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఎందుకంటే జ్యూరీ పనిగట్టుకుని మెచ్చుకున్నది ఈవిడ చేసిన తప్పుని.

మాది ఇంటిల్లిపాదీ కలిసి నడిపే స్టూడియో. బావమరిది బాణీలు కడతాడు, వాడి అక్క, అంటే మా ఆవిడ, వయొలిన్ వాయిస్తుంది, నేను రికార్డు చేస్తాను. పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది కాబట్టి ఆవిణ్ణి నేను టీచరనే పిలుస్తాను. తప్పు వినబడితే ఊరుకునే రకం కాదు. పెళ్ళయిన కొత్తలో నేను స్నానం చేస్తూ పాడుకుంటుంటే తలుపు కొట్టి మరీ శ్రుతి సరిచేసింది.

ఆ సినిమాలో ఒక తల్లి ఒంటరిగా గిన్నెలు కడుగుతూ లోలోపల ఏడుస్తుంటుంది. చిన్న కొడుకు వెనకనుంచి వచ్చి నడుం వాటేసుకుంటాడు. రికార్డింగులో సరిగ్గా అక్కడ టీచరు చెయ్యి జారింది. స్వరం కిందికి పడి, తడుముకుని, మళ్ళీ నిలబడింది. "ఛీ, మళ్ళీ తీద్దాం" అంది. మేమిద్దరం బుద్ధిగా తలూపి మళ్ళీ తీశాం, సినిమాలో మాత్రం మొదటిదే పెట్టాం. టీచరు థియేటర్లో వినగానే కనిపెట్టేసింది. ఇంటికొచ్చాక తిట్లు ఆగితే ఒట్టు.

ఇప్పుడు ముగింపు సభలో ఆ సన్నివేశం తెరమీద వేస్తారట, సంగీతం మేం వేదికమీద వాయించాలట. హాలంతా ఆ తడబాటు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. బావమరిది పేరంతా దానిమీదే ఉంది.

తమ్ముడి కోసం టీచరు ఒప్పుకుంది. రిహార్సల్‌లో వాయించింది. బావమరిది తల గోక్కున్నాడు.

"అక్కా, అక్కడ కొంచెం వణకాలి."

"వణికాను కదరా!"

"వణికావు. కానీ తాళం తప్పకుండా వణికావు."

నాకు నవ్వాగలేదు. టీచరు చూసిన చూపుకి వెంటనే ఆగింది. మళ్ళీ వాయించింది, మళ్ళీ, మళ్ళీ. తప్పుని కూడా తప్పులేకుండా వాయిస్తోంది మహాతల్లి. చివరికి వాడు నా వైపు తిరిగాడు.

"పోనీ బావా, నీ దగ్గర రికార్డు ఉంది కదా. ఆ ఒక్కచోట అది వేసెయ్. అక్క ఊరికే చెయ్యాడిస్తుంది."

టీచరు వయొలిన్ కమాను కింద పెట్టేసింది. "నా చేతిలో వయొలిన్ ఉండగా ఇంకో వయొలిన్ పలికిందంటే వేదిక దిగి వెళ్ళిపోతాను. మీక్కూడా చెప్తున్నానండోయ్!"

సభ మొదలయ్యే ముందు, తెరల వెనక, నా చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నాకు తప్పు రావట్లేదండీ. ఏం చెయ్యను? నావల్ల వాడు నవ్వులపాలవుతాడేమో." అంత పొగరు మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ తప్పు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. రికార్డింగ్ రోజు, ఆ స్వరానికి ముందున్న ఖాళీలో, నా హెడ్‌ఫోన్స్‌లో ఒక మాట వినబడింది. టీచరు ఎదురుగా నిలబడి చేతులు ఊపుతున్న బావమరిది తెరమీద ఆ పిల్లాణ్ణి చూసి, తర్వాత వాళ్ళక్కని చూసి, "అమ్మా" అన్నాడు. గాలి పీల్చినంత మెల్లగా. వాడికి నడక రాకముందే వాళ్ళమ్మ పోయింది. ఎత్తుకుని పెంచింది ఈవిడే. చిన్నప్పుడు వాడు "అమ్మా" అన్నప్పుడల్లా "అమ్మ కాదురా, అక్క" అని దిద్దేదట. దిద్దీ దిద్దీ మాన్పించింది. ఆ రోజు వాడి నోరు జారింది, ఈవిడ చెయ్యి జారింది. వాడికి అన్నట్టే గుర్తులేదు. ఈవిడ ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మాటని సినిమాలోంచి కోసేశాను గానీ, నా దగ్గరున్న రికార్డులోంచి చెరిపెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

హాల్లో దీపాలు ఆరాయి. నేను వెనకాల సౌండ్ బల్ల దగ్గర ఉన్నాను. టీచరు చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంది, తాళం టక్ టక్‌మని నేనే పంపాలి. తెరమీద తల్లి గిన్నెలు కడుగుతోంది. టీచరు వయొలిన్ ఎత్తుకుంది. కుర్రాడు వెనకనుంచి వస్తున్నాడు. వచ్చేశాడు. అదిగో ఖాళీ.

బటన్ నొక్కాను. ఇంకెవరికీ కాదు, ఆవిడ చెవికొక్కదానికే.

అమ్మా.

కమాను వణికింది. స్వరం పడింది, చీకట్లో గోడ తడుముకున్నట్టు తడుముకుంది, నిలబడింది. ఆఖరి స్వరం ఆగగానే జనం లేచి నిలబడి ఒకటే చప్పట్లు! నేను బల్లెక్కి ఈల వేశాను. హెడ్‌ఫోన్స్ ఊడి కిందపడ్డా చూసుకోలేదు.

వేదిక దిగి టీచరు తిన్నగా నా దగ్గరికే వచ్చింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

"ఇంకో వయొలిన్ వెయ్యలేదు, టీచరూ" అన్నాను ముందే.

ఆవిడ ఏదో అనబోయేలోపు బావమరిది అవార్డు చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! అచ్చం అలాగే వచ్చింది! ఎలా వాయించావక్కా?"

"చెయ్యి జారిందిరా" అంది.

వాడు నవ్వుతూ అవార్డు ఆవిడ చేతుల్లో పెట్టి, ఫొటోల వాళ్ళు పిలుస్తుంటే వెళ్ళిపోయాడు. ఆవిడ వాడు వెళ్ళినవైపే చూస్తూ గొంతు తగ్గించింది.

"ఆ ముక్క చెరపకండి."

"నీకు తప్పులంటే పడదు కదా?"

"తప్పే" అంది టీచరు, అవార్డుని గుండెకి ఆనించుకుని. "ఉండనివ్వండి."