గట్టు మీద ఒంటి కుర్చీ

ఫోటో తీయడం ఎంతసేపు, రెప్పపాటు. దానికి తగ్గ చోటు దొరకడమే గగనం. నమ్మకపోతే చున్‌చన్ ఊళ్లో మల్సున్‌ని అడగండి.

మల్సున్ ముసలివాళ్లకి దీర్ఘాయుష్షు ఫోటోలు తీస్తుంది. రేపు మనిషి పోయాక నల్ల రిబ్బను చుట్టి పీఠం మీద పెట్టే ఫోటోయే అది. బతికుండగానే తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని అక్కడివాళ్ల నమ్మకం, అందుకే ఆ పేరు. ఎప్పుడూ దుకాణంలో నీలం తెర ముందే తీసేది. ఈ ఏడు వృద్ధుల సంఘంలో అవ్వలంతా అడ్డం తిరిగారు. ఆ తెర ముందు కూర్చుంటే అప్పుడే పోయినట్టుందట, గాలీ వెలుతురూ ఉన్నచోట తీయాలట.

ఇంకేముంది, రోజూ పొద్దున్నే మొగుడు కిల్సు వ్యాను తోలడం, ఆవిడ కిటికీలోంచి మెడ సాచి ఊరంతా చూడడం. వెనకాల కరెంటు స్తంభం ఉండకూడదు, నెత్తిమీద కొమ్ము మొలిచినట్టు పడుతుంది. ఎండ నడినెత్తిన పడకూడదు, కళ్లకింద గుంటలు తేలతాయి. మెట్లుంటే అవ్వలు ఎక్కలేరు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కనే మరుగుదొడ్డి ఉండాలి. యూనివర్సిటీ వెనక చెట్లబాట బ్రహ్మాండంగా ఉంది గానీ, కుర్రకారు వెనకనుంచి దూరి వేళ్లు చూపిస్తారు. సరస్సు ఒడ్డున గాలికి జుట్టంతా లేచిపోతుంది.

"మనం చోటు వెతుకుతున్నామా, సంబంధాలు చూస్తున్నామా?" అన్నాడు కిల్సు.

"నువ్వు కూర్చో ముందు" అనేది మల్సున్. ఎక్కడ ఆగినా వాళ్ల పద్ధతి ఒకటే. అతను మడత కుర్చీ వేసి కూర్చుంటాడు, ఆవిడ వెలుతురు చూడడానికి ఒకటి నొక్కుతుంది. కాపురం మొదలైన నాటి నుంచీ అంతే. చెప్పీ చెప్పకముందే అతను కూర్చుంటాడు, ఆలోచించకుండానే ఆవిడ నొక్కుతుంది.

ఆ ఫోటోలు చూపిస్తే అవ్వలు ఒక్కటీ ఒప్పుకోలేదు. అందరిలోకీ నోరు గలది తాక్ అవ్వ. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు, పేకాటలో ఆవిడని గెలిచినవాళ్లు లేరు.

"ఇదేం చోటే పిల్లా! నా వెనకాల కూరల కొట్టు బోర్డా? నా చావుకొచ్చినవాళ్లు ఉల్లిపాయల ధర చదువుకుంటూ ఏడవాలా?" అని కడిగేసింది. "ఈ తిరుగుడంతా ఎందుకు? నది పక్క పోప్లార్ చెట్ల గట్టుకి పోదాం పద."

మల్సున్ కావాలనే ఆ గట్టు ఊసెత్తలేదు. దాని సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. అక్కడ ఫోటో తీస్తే మనిషి ఇవాళ ఉన్నట్టు పడడు, పోయేరోజున ఎలా ఉంటాడో అలా పడతాడు. అందుకే ప్రేమికులు అటు పోరు, పసిపిల్లల్ని అటు తీసుకుపోరు. ఇద్దరు కలిసి అసలే కూర్చోరు, ఆయుష్షులు తారుమారవుతాయి, ఒకరు పోవలసిన వయసు ఇంకొకరికి వస్తుంది. అవ్వలకి మాత్రం ఆ గట్టంటే మహా ఇష్టం. ఒక్కసారి తీయించుకుంటే మళ్లీ మళ్లీ తీయించుకునే బాధ ఉండదు కదా.

చివరికి అక్కడికే పోయారు. వెలుతురు ఎంత బాగుందంటే, నది మీది పొగమంచు ఎండని పల్చటి గుడ్డలో వడగట్టి పోస్తున్నట్టుంది. అవ్వలు పండగలకి కట్టే హన్‌బోక్ పావడాలూ రవికలూ కట్టుకుని, లిప్‌స్టిక్‌లు పూసుకుని, ఉడికించిన చిలగడదుంపలూ పిండి చల్లిన బియ్యపు ముద్దలూ మూటగట్టుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చారు.

ముందు తాక్ అవ్వ కూర్చుంది. ఫోటోలో జుట్టు పీచయింది, బుగ్గలు లోపలికి పోయాయి, నోట్లో రెండే రెండు పళ్లు, అయినా విరగబడి నవ్వుతోంది.

"పదేళ్ల పైమాటే" అని తేల్చింది నామ్ అవ్వ. ఈవిడ తాక్ అవ్వకి పక్కింటి మనిషి, పేకాటలో జోడీ.

"చూశావా మరి! వచ్చే వసంతానికి సముద్రం చూడ్డానికి పోతున్నా. ఆ పై వసంతానికీ పోతా. నిన్ను సాగనంపి మరీ పోతా!" అని తాక్ అవ్వ తొడ చరిచింది.

నామ్ అవ్వ ఫోటోలో రెండు ముడతలే కొత్తగా వచ్చాయి. "పోనీలే, ఇకనుంచి బియ్యం చిన్న బస్తా కొంటే సరి" అంది ఆవిడ.

అప్పుడే పొగమంచు విడిపోయి ఎండ సూటిగా పడింది. "అరె, వెలుతురు మారిందే" అంది మల్సున్ తనలో తాను. ఆ మాట వింటూనే కిల్సు బియ్యపు ముద్ద నములుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మల్సున్ నొక్కింది.

నొక్కాక గానీ ఎక్కడున్నదీ గుర్తురాలేదు.

కెమెరా తెర మీద కిల్సు కిల్సులాగే ఉన్నాడు. ఒక్క వెంట్రుక నెరవలేదు. పొద్దున గడ్డం గీసుకుంటూ తెగిన చోట అంటించుకున్న కాగితం ముక్క కూడా అలాగే ఉంది. పెదవి మీద పిండి కూడా. మల్సున్‌కి కాళ్లకింద గట్టు ఉందో లేదో తెలియలేదు.

"ఏంటలా అయిపోయావు? సరిగ్గా పడలేదా?" అంటూ కిల్సు లేచొచ్చి చూశాడు. చూసి, పెదవి మీది పిండి తుడుచుకున్నాడు.

"అంటే, ఇవాళేనా?" అన్నాడు.

మల్సున్ అతని గడ్డం మీది కాగితం ముక్క పీకేసింది. పీకితే రక్తం చిమ్మింది. "పద ఆసుపత్రికి, ఇప్పుడే పద!" అని చొక్కా పట్టుకు లాగింది.

"ఆసుపత్రికి పోతే మొహం మారుతుందా పిచ్చిదానా? సాయంత్రం నూడుల్స్ తిందామన్నావు, అదైనా తిందాం." మల్సున్ అతని గుండెల మీద రెండు చేతులా కొట్టింది, కొట్టి మళ్లీ అక్కడే తల ఆనించి ఆ చప్పుడు వింది.

అవ్వలు గడ్డకట్టుకుపోయారు. తాక్ అవ్వ ఒక్కతే కదిలింది. కెమెరా లాక్కుని చూసింది, తిరిగి మల్సున్ మెళ్లో వేసింది.

"అల్లుడూ, పోయి కుర్చీలో కూర్చో" అంది. ఆవిడ అతన్ని ఎప్పుడూ అల్లుడనే పిలుస్తుంది.

కిల్సు అర్థంకాక కూర్చున్నాడు. అవ్వ వచ్చి, "జరుగు, సగం నాకియ్యి" అని అతన్ని పక్కకి నెట్టి కూర్చుంది.

"అవ్వా, వద్దు! ఇద్దరు కూర్చోకూడదు!" అని అరిచింది మల్సున్.

"అది నువ్వు నాకు చెబుతున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నా ఈ గట్టుని. నొక్కు."

కిల్సు లేవబోయాడు. అవ్వ అతని మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో! "పోయిన చలికాలమంతా మంచులో సంఘం నుంచి నన్ను వీపున మోసి గుమ్మంలో దింపావు. ఒక్కరోజైనా విసుక్కున్నావా? నోరు మూసుకుని కూర్చో."

"నీకేమైనా మతిపోయిందా?" నామ్ అవ్వ ఏడుపు ఎత్తుకుంది. "పదేళ్లు! ఊరికే ఇచ్చేస్తావా?"

"ఇంకా నీతో పేకాడి ఏం బావుకోవాలి, దొంగాటదానివి" అంది తాక్ అవ్వ. నది వైపు చూస్తూ, "సముద్రమొక్కటి..." అని, ఆ మాట మింగేసింది. "నొక్కవే పిల్లా, లిప్‌స్టిక్ కరిగిపోతోంది."

మల్సున్ వేలు మీట మీదే ఉంది. వద్దు, వద్దు అని నోరు అంటోంది. నొక్కెయ్, నొక్కెయ్ అని లోపల ఇంకో మల్సున్ అరుస్తోంది. తనలో అలాంటి మనిషి ఉందని ఆవిడకి అప్పుడే తెలిసింది, తెలిసి హడలిపోయింది. అవ్వ తల వంచి కిల్సు భుజానికి ఆనించింది.

నొక్కింది. ఏం చెప్పమంటారు, నొక్కింది.

తెర మీద నున్నటి బట్టతల, రెండే పళ్లు, పండు ముసలి కిల్సు. అతని భుజానికి ఆనుకుని తాక్ అవ్వ, ఇవాళ్టి జుట్టు, ఇవాళ్టి లిప్‌స్టిక్, ఇవాళ్టి మొహం.

"బాగానే పడ్డాను" అంది అవ్వ. తర్వాత రెండు చిలగడదుంపలు తింది. తిరిగొస్తూ వ్యానులో కిటికీకి ఆనుకుని కునుకు తీస్తోందనుకున్నారు. ఇంటి ముందు దింపబోతే గానీ తెలియలేదు.

పీఠం మీదకి ఫోటో కావాలి. మొదట తీసినది ఇక పనికిరాదు, అందులోది ఎన్నటికీ రాని మొహం. మిగిలింది ఆ రెండోదే. మల్సున్ కంప్యూటరు ముందు కూర్చుని ఎన్ని విధాల కత్తిరించినా పక్కన కిల్సు భుజం కాస్త మిగిలిపోతూనే ఉంది.

"బతికున్న మొగుణ్ణి చావు ఫోటోలో ఎలా పెట్టను?" అని బావురుమంది.

కిల్సు వెనకనుంచి వంగి చూశాడు. "అది కోసేస్తే అవ్వ తల దేనికానుతుంది?" అన్నాడు.

మల్సున్ కోయలేదు. కిల్సు చేతికి సంతాపపు పట్టీ కట్టుకుని, పీఠం పక్కన కొడుకు నిలబడే చోట నిలబడ్డాడు. వచ్చినవాళ్లు ఆనవాయితీ ప్రకారం ఫోటో ముందు రెండుసార్లు సాగిలపడ్డారు. తలెత్తి అందులోని భుజాన్ని చూశారు, పక్కనున్న మనిషిని చూశారు. పోయినావిడ కొడుక్కి చేసినట్టే అతని ముందు కూడా ఒకసారి సాగిలపడి, భోజనాల గదిలోకి వెళ్లారు.