లేత గులాబీ రంగు

బ్యూరెట్ గాజుగొట్టంలోంచి ఊదారంగు పర్మాంగనేట్ చుక్క చుక్కగా ఇనుము ద్రావణం ఉన్న ఫ్లాస్కులోకి జారుతోంది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. డిమాన్‌స్ట్రేటర్ మాస్టారు ఒక చేత్తో బ్యూరెట్ కుళాయి తిప్పుతూ, ఇంకో చేత్తో ఫ్లాస్కు ఆడిస్తూ పాఠం చెబుతున్నారు.

"ఇనుము, మాంగనీస్ ఆవర్తన పట్టికలో పక్కపక్క ఇళ్లవాళ్లు. ఆకళ్లే వేరు. ఇనుము ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చి ప్లస్ రెండు నుంచి ప్లస్ మూడవుతుంది. పర్మాంగనేట్‌లోని మాంగనీస్‌కి ఐదు కావాలి, అప్పుడుగానీ ప్లస్ ఏడు నుంచి ప్లస్ రెండుకి దిగదు. ఐదుగురు పెడితేగానీ ఒకడి కడుపు నిండదన్నమాట. నిండాక రంగు పోతుంది. పెట్టేవాళ్లు అయిపోయాక పడిన చుక్క లేత గులాబీగా నిలబడుతుంది. అక్కడ ఆపాలి."

పక్కనే తొట్టి దగ్గర ల్యాబ్ అక్క కడిగిన బీకరును రాతిబల్ల మీద ఠక్కున బోర్లించింది. మాస్టారు కుళాయి కట్టేశారు.

"చూశారా, గులాబీ," అన్నారు. ఆయనకు మాత్రం అది మంచినీళ్లలాగే ఉంది.

ఆ రంగు ఆయన కంటికి ఆనదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్లాస్కు ముదురు ఊదాగా మారేదాకా పోసి నవ్వులపాలయ్యారు. రసాయనశాస్త్రం తప్ప మరో విద్య తెలియని మనిషి, సంగతి పైకి పొక్కితే ఏ గంగలో దూకాలి? ఆ మర్నాడే, సరిగ్గా రంగు తిరిగే వేళకి, తొట్టి దగ్గర మొదటి చప్పుడు వినిపించింది. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. లెక్చరర్లు వచ్చారు, ప్రొఫెసర్లయి వెళ్లారు. ఈయన అదే బల్ల దగ్గర, జుట్టు నెరిసేదాకా, ఆ చప్పుడు చాటున నెట్టుకొచ్చారు. ఇంట్లో భార్యకు కూడా తెలియని గుట్టు అది. ఇల్లు, కూతురి చదువు, నలుగురిలో మర్యాద, అన్నీ అక్క పెట్టిన భిక్షేనని ఆయన రోజూ అనుకునేవారు.

ఆ మధ్యాహ్నంతో అక్క రిటైరయింది. భోజనాల గంట కొట్టాక సంచీ భుజానికి తగిలించుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. మాస్టారు పొద్దుటినుంచి చాలా మాటలు కూడగట్టుకున్నారు.

"మోకాళ్లు జాగ్రత్త అక్కా," అన్నారు.

"మీరు వేళకి తినండి మాస్టారూ. పాఠంలో పడితే ఒళ్లు తెలీదు మీకు."

గుమ్మం దగ్గర మధ్యాహ్నం బ్యాచి పిల్లలతో ఏదో చెప్పి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

మళ్లీ అదే ప్రయోగం. తొట్టి దగ్గర ఎవరూ లేరు. కాసేపు కుళాయి ముట్టుకోలేదు. ఎప్పటికైనా తప్పదు కదా అనుకున్నారు.

"నాకు లేత గులాబీ కనబడదర్రా. మొదటినుంచీ అంతే. రాగానే ఎవరైనా చెప్పండి."

నవ్వుతారనుకున్నారు. ఎవరూ నవ్వలేదు. చుక్కలు పడ్డాయి. ముందు నిలబడ్డ కళ్లజోడు పిల్ల వంగి చూస్తూ, "వచ్చింది సార్, ఆపండి," అంది. కాస్త ఆగి, "'సార్ మిమ్మల్ని ఒకటి అడుగుతారు, అడిగేదాకా నోరెత్తొద్దు' అని చెప్పి వెళ్లింది సార్ అక్క," అంది.

ఆయన కళ్లు నిండిపోయాయి. తనమీద తనకే లేని నమ్మకం ఆమెకుంది. పిల్లలు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచి, తొట్టి వైపు తిరిగి, "నీ రుణం తీరేది కాదక్కా," అన్నారు.

తొట్టి అంచున ఆమె రబ్బరు తొడుగులు ఒకదాని మీద ఒకటి ఆరేసి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు.