ట్రిస్ సీసాలో దారి తప్పిన రంగు

నేను ఒక చిటికెడు రంగుపొడిని. చూడ్డానికి పసుప్పచ్చ, నీలిదీపం వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాను. హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో ఫ్రీజరు నా ఇల్లు. నా బతుక్కి ఒకటే పని: ప్రోటీనుకు అంటుకోవడం, కణంలో అది ఎటు పోతే అటు పోయి, ఇదిగో ఇక్కడుందని చూపించడం. పేరు దానిది, వెలుగు నాది.

నాకొక చెడ్డ గుణముంది. ఎమైన్ అనే కొక్కెం ఎక్కడ దొరికితే అక్కడే తగులుకుంటాను. అది ప్రోటీనుదా, చుట్టూ ఉన్న ద్రావణానిదా అని చూడను.

పరిశోధన చేసే వినీల మేడం నన్ను ట్రిస్ అనే ద్రావణంలో కలిపింది. దాని నిండా ఆ కొక్కేలే. నేను వాటికే తగులుకున్నాను, ప్రోటీను దాకా పోనే లేదు. మైక్రోస్కోపులో అంతా చీకటి. రెండోసారి కలిపినా అంతే. సీసాలు సరిగ్గా కడగలేదని మేడం పెద్దసారుకు చెప్పింది.

సీసాలు కడిగేది మొగులయ్య. ఏడో తరగతితో బడి మానేశాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే, ఏటేటా తిరగరాసే కాంట్రాక్టు మీద. ఈ ఏటి కాగితం నెలాఖరుకు రాయాలి. ఈసారి రాసేది లేదన్నాడు పెద్దసారు. మొగులయ్య కడిగిన సీసాలే మళ్ళీ కడిగాడు. గ్లవుజు చిరిగి, సీసాకు అంటిన నాలో కొసరు అతని గోటి కిందికి చేరింది.

మూడోసారి మేడం ట్రిస్ సీసా అందుకోబోతుంటే అతను ఊరుకోలేకపోయాడు.

"మేడం, రంగు పనికి మీకన్న ముందున్న పాత సారు గీ సీసా ముట్టకపోతుండె. ఫాస్ఫేట్ అని రాసింది ఇయ్యమంటుండె."

"ఎందుకట?"

"నాకేమెర్క? సీసా మీది పేరు సదువస్తది, గంతే."

మేడం చెయ్యి అక్కడే ఆగింది. మొహం ఎర్రబడింది. నన్ను ఫాస్ఫేటులో కలిపింది. అందులో ఆ కొక్కేలు లేవు. నేను ప్రోటీనును పట్టుకుని కణమంతా తిరిగాను. అందరూ వచ్చి చూసి మేడంతో చెయ్యి కలిపారు.

జనం పోయాక మొగులయ్య మెల్లగా అడిగాడు. "సీసాలు మంచిగనే కడిగిన్నని జర పెద్దసారుకు చెప్పుండ్రి మేడం."

"చెప్తాలే మొగులయ్యా. ముందు ఈ పేపరు జర్నలుకు పోనీ."

పేపరు పోయింది. నెలాఖరూ పోయింది. ఆ మాట మాత్రం మేడం నోరు దాటలేదు.

ఖాళీ అయిన సీసా అడుగున నేనిప్పుడు చెత్తడబ్బాలో ఉన్నాను. ఆ కొసరు మాత్రం మొగులయ్య గోటి కింద గేటు దాటింది. కంటికి ఆనని ప్రోటీను ఎటు పోయిందో వెతకడానికి వీళ్ళకు గదంత యంత్రముంది. అతనెటు పోయాడో చూడ్డానికి ఎవరూ కిటికీ దాకా కూడా రాలేదు.